ఇద్దరికీ ఒకటే జబ్బు

టూవూంబా,
14 మే 2011

ప్రియమైన అమ్మకు, జెన్సీ వందనాలు.

ఫోన్లో నీ గొంతు వినగానే "అంతా బాగానే ఉన్నామమ్మా" అనేస్తాను. రెండేళ్ళుగా అదే చేస్తున్నాను. అందుకే ఈసారి కాగితం మీద రాస్తున్నాను. స్కూలు నుంచి వచ్చి, అన్నం తిన్నాకే ఇది చదువు.

నాన్నకున్న జబ్బు నాకూ ఉంది. కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను. ఆస్ట్రేలియా వచ్చిన కొత్తలో నర్సింగ్ క్లాసులో ఒకరికొకరం బీపీ చూసుకుంటుంటే, నా పక్కనమ్మాయి జాక్లిన్ మూడుసార్లు చూసి, మిషన్ పాడైందేమో అంది. మిషన్ బాగానే ఉంది. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళందరం హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే కదా, ఆ కార్డు పట్టుకుని మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. స్కాన్‌లో రెండు కిడ్నీల నిండా నీటిబుడగలు. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే, కిడ్నీలు చెడిపోయి నలభై రెండేళ్ళకే చనిపోయిన నాన్న గురించి చెప్పాను. ఇది తండ్రి నుంచి పిల్లలకు వచ్చేదట. బీపీ పెరగనివ్వకపోతే చాలా ఏళ్ళు నెట్టుకు రావచ్చట. అప్పట్నుంచీ రోజుకో మాత్ర, ఆరు నెలలకోసారి పరీక్ష. నా సంగతి ఇంతే.

రాయలేకపోతున్నది అన్నయ్య సంగతి. నా జబ్బు తెలిసిన వారమే సిడ్నీకి ఫోన్ చేసి, "నువ్వు కూడా చెక్ చేయించుకో అన్నయ్యా" అన్నాను. "నాకేంటే, దుక్కలా ఉన్నా" అని నవ్వేశాడు. నాకు తెలియని విషయం ఏమిటంటే, అంతకు ముందే వాడు చదివే వంట కాలేజీ మూతపడింది. వీసా గురించి ప్రభుత్వం వాళ్ళేదో తేల్చేదాకా ఒక హోటల్ కిచెన్లో పనిచేసుకుంటున్నాడు. ఇన్సూరెన్స్ గడువు తీరిపోతే మళ్ళీ కట్టలేదు. నీకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

మొన్న క్రిస్మస్‌కి వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు, వద్దంటున్నా చెయ్యి పట్టుకుని బీపీ చూశాను. నూట తొంభై దాటింది. హాస్పిటల్‌కి పద అని ఏడ్చాను. "కార్డు లేకుండా వెళ్ళి ఏం చెప్పమంటావ్? వీసా రానీ, అప్పుడు నువ్వు చెప్పిన టెస్టులన్నీ చేయించుకుంటా. అమ్మకి మాత్రం చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నాడు. రోజూ ముక్కూ మొహం తెలియని ముసలివాళ్ళకి బీపీ చూసి రాసుకునేదాన్ని, సొంత అన్నని ఒక డాక్టరు ముందు కూర్చోబెట్టలేకపోయాను. ఒట్టు నిలబెట్టుకున్నందుకు నన్ను కొట్టినా పడతానమ్మా.

పోయిన నెల అన్నయ్య పనిలోనే పడిపోయాడు. హాస్పిటల్లో చేర్చుకున్నారు, బాగానే చూశారు. కానీ కిడ్నీలు రెండూ పోయాయన్నారు. వారానికి మూడుసార్లు డయాలిసిస్ మీద బతకాలి. నా కిడ్నీ ఒకటి తీసుకోండి అని డాక్టర్‌ని అడిగాను. నాకున్నది కూడా అదే జబ్బు కాబట్టి నాది పనికిరాదట. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. 

ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి ఇక్కడ ఎల్లకాలం చెయ్యరమ్మా. అందుకే చదువు మానేసి, అన్నయ్యని తీసుకుని జూన్‌లో గుంటూరు వచ్చేస్తున్నాను. నేనుండగా నువ్వొక్కదానివే ఆ బరువు మోయకూడదు. నన్ను ఆపొద్దు.

నీ కూతురు,
జెన్సీ

టూవూంబా,
26 జూన్ 2011

అమ్మా,

అన్నయ్య ఈపాటికి నీ దగ్గరే ఉంటాడు. నేనెందుకు రాలేదో వాడు చెప్పే ఉంటాడు, అయినా నా నోటితో నేను చెప్పుకోవాలి.

నీ కిడ్నీ ఇస్తానని రాశావు. సిడ్నీ ఆసుపత్రిలో ఆ ముక్క చదివి వినిపిస్తే అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నేళ్ళ షుగర్ పెట్టుకుని నువ్వివ్వడం కుదరదమ్మా.

చదువు మానేస్తున్నట్టు కాలేజీకి ఉత్తరం రాసి, సంతకం పెట్టి, వాడికి చూపించాను. చదివి కాగితం దుప్పటి మీద పెట్టాడు. తర్వాత, "నీకు ఒకటి చెప్పలేదే" అన్నాడు.

వచ్చిన మొదటి ఏడాదే తలనొప్పులొస్తుంటే వాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. అప్పుడు కార్డుంది. బీపీ అని చెప్పి మాత్రలిచ్చారు, రెండు నెలలకోసారి రమ్మన్నారు. ఏడాదిన్నర వెళ్ళాడట. నేనింకా విమానం ఎక్కకముందు మాట.

"మరి ఎందుకు మానేశావ్?"

"కార్డు అయిపోయింది. మందుల చీటీ రాసేవాళ్ళు లేరు. ఉన్న మాత్రలు అయిపోయాయి. ఆపిన రోజు ఏమీ అవలేదే. మర్నాడూ ఏమీ అవలేదు. తగ్గిపోయిందనుకున్నా. అదే నన్ను ముంచింది."

ఇన్నాళ్ళూ వాడిది మొండితనం అనుకున్నాను. నాలాగే వాడూ మొదలుపెట్టాడమ్మా. కొంతదూరం నాలాగే నడిచాడు.

"ఇప్పుడు నువ్వు చదువు మానేస్తే వీసా పోద్ది, దాంతోపాటు కార్డు పోద్ది" అన్నాడు. మాత్రలు గుంటూరులో దొరకవా అన్నాను. "దొరుకుతాయి. నాన్నకి మాత్రం దొరకలేదా? చూపించుకుందువు రా అని ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు. నువ్వక్కడికొచ్చి నాతో ఆసుపత్రుల చుట్టూ తిరుగుతా నీ మాత్ర మర్చిపోతావ్. పదేళ్ళ తర్వాత అమ్మ ఇద్దర్ని మొయ్యాలా?" అని నా ఉత్తరం నాలుగు ముక్కలు చేశాడు. చేతుల్లో బలం లేక మూడోసారి చించలేకపోయాడు.

నేను వాదించలేదు. వాదించకపోవడంలో నా ప్రాణం మీద తీపి కూడా ఉందేమో, నిజం చెప్పలేను.

విమానానికి ముందురోజు డయాలిసిస్ చేసి పంపించారు. సిడ్నీలో అన్నయ్యకి తెలిసిన కేశవరావు అంకుల్ అదే విమానంలో వెళ్తున్నారు, వీల్‌చైర్ తనే తోశారు. "నర్సు మేడమ్, బై" అన్నాడు అన్నయ్య. లోపలికి వెళ్ళాక వెనక్కి తిరిగి చూడడానికి డయాలిసిస్ గొట్టం ఉన్న వాడి మెడ సహకరించలేదు. చెయ్యి మాత్రం పైకెత్తి ఊపాడు.

నాకు నిన్న చెకప్. రక్తం, మూత్రం అన్నీ చూసి డాక్టరు చాలా సంతోషించాడు. రెండేళ్ళుగా ఏమీ దిగజారలేదట, ఇలాగే ఉంటే నువ్వు ముసలిదానివి అవుతావు అన్నాడు. అక్కడే ఏడుపొచ్చింది. మంచి మాటే చెప్పాను కదమ్మా అని ఆయన తెల్లబోయాడు.

రిపోర్టు ఎలా వచ్చిందో రాయమని అన్నయ్య మరీ మరీ చెప్పి వెళ్ళాడు. వాడి మంచం పక్కన కూర్చుని, బాగుందట అని నువ్వే చెప్పమ్మా. నాకు సిగ్గుగా ఉంది.

జెన్సీ