నీ మాటకు వాడి శాలువా

బిడ్డా సరితా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకు అక్షరం రాదు కనుక, నేను చెబుతుంటే నీతో మడికొండ ఆఫీసులో పనిచేసిన షాహీన్ రాస్తోంది.

మీ ఆఫీసు పెద్ద కంప్యూటర్ సంగతి నువ్వు అన్నం తింటూ చెప్పేదానివి. పని మధ్యలో పుట్టే తాత్కాలిక ఫైళ్లను డిస్కు మీద పెట్టకుండా మెమొరీలోనే ఉంచితే ఖర్చే ఉండదని మీ మేనేజర్ నమ్మకం.

"ఎనుమాముల మార్కెట్ యార్డుల నువ్వు మిర్చి బస్తా దించకుండ నెత్తి మీదనే పెట్టుకుంటే జాగ మిగులుతది గని మెడ పోతది గద అమ్మా. ఆడ మెమొరీల పెట్టిన ఫైళ్ల బరువంత ప్రాసెసరే గట్ల మోస్తాంది. చిన్న ఫైళ్లయితే సరే, పెద్దయి డిస్కు మీదికే పోవాలె" అన్నావు.

మీటింగులో అదే చెబితే వాడు నవ్వాడట. ఆ రోజు నువ్వు సగం అన్నం వదిలేశావు.

ఇప్పుడు పెద్ద ఫైళ్లన్నీ డిస్కు మీదికి మార్చారు. ప్రాసెసర్‌కు భారం తగ్గింది. ఆ తెలివి తనదేనని చెప్పి మేనేజర్ నిన్న శాలువా కప్పించుకున్నాడు. ఇదంతా షాహీనే వచ్చి చెప్పింది.

"ఇది సరిత చెప్పిందని ఒక్కలన్న అన్నరా?" అని షాహీన్‌ను అడిగాను.

"లేదమ్మా."

"నువ్వు?"

"నౌకరి పోతదని భయమైంది. అందరితోని చప్పట్లు కొట్టిన."

"గది గూడ రాయి."

పెన్ను ఆగింది. నేను ఊరుకోలేదు. రాసింది. చదువు రాని నాకు నమ్మకమెట్లా? పైకి చదవమన్నాను.

"ఆ ఆలోచన సరితదని తెలిసి కూడా నేను చప్పట్లు కొట్టాను" అని చదివింది.

ఆ పనికి నీ పేరు కలిపి ఒకరు పలకగా వినడం నాకిదే మొదలు.