తొమ్మిదో కూజా

సెప్టెంబర్ 9, సోమవారం

మా ఆయనకు ఈరోజుతో ఏడోసారి చెప్పాను. ఈ ఏడు మనకు కోత లేదు నాజరేనో, ద్రాక్షపండంతా లోయలోని కంపెనీకి అమ్మేశాం, వాళ్లే మెషీన్‌తో కోసుకుపోతారు, చలికాలం దాటాక తీగలు కూడా పెరికేస్తారు, కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాం అని. మొదటిసారి విన్నట్టే విన్నాడు. మొదటిసారి ఏడ్చినట్టే ఏడ్చాడు. ఒకే మనిషికి ఒకే చావు కబురు ఏడుసార్లు చెప్పాను. ఇక నావల్ల కాదు. మళ్లీ అడిగితే వచ్చే సోమవారం కోత అనేస్తాను.

నా మోకాళ్లు పనిచేసి ఉంటే అమ్మేవాళ్లం కాదు. అది కూడా ఆయనకు గుర్తుండదు.

ఆయన మతిమరుపు సంగతి నలుగురికీ చెప్పి ఉంచమ్మా అన్నాడు డాక్టర్. చెప్పలేదు. నలభై ఆరేళ్లు ఈ కొండల మీద ఇంటింటికీ తెల్ల వైను మోసిన మనిషి. ప్రతి ఇంట్లో కుక్క పేరు కూడా ఆయనకు తెలుసు. అలాంటి మనిషి గురించి, నాజరేనోకి మతి పోయిందట అని బార్లో పేకాట దగ్గర చెప్పుకోవాలా? నా కంఠంలో ప్రాణం ఉండగా అది జరగదు.

సెప్టెంబర్ 11

అడగలేదు. ఒక రోజు గడిచింది.

సెప్టెంబర్ 14, శనివారం, ఉదయం పదిన్నర

మనిషి లేడు. ఆపే అనే మా మూడు చక్రాల సామాను బండీ లేదు. కోళ్లకు గింజలు వేసి వచ్చేసరికి వంటింటి బల్ల నిండా పిండి. బండి తాళంచెవి పిండి డబ్బాలో దాచాను నేను. నేను చెప్పేవి మర్చిపోతాడు గానీ నేను దాచేవి మాత్రం మర్చిపోడు!

గుండె టాబ్లెట్ల డబ్బా ఇక్కడే ఉంది. నిన్నటివీ పొద్దుటివీ వేసుకోలేదు. వరసగా రెండు మూడు రోజులు మానేస్తే కాళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ నీరు చేరుతుందని డాక్టర్ నాకు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు.

పక్క పొలం వాళ్లను అడగనా? అడిగితే, ఎందుకు అంటారు. వద్దు. కారు తీసి నేనే వెళ్తాను.

అదే రోజు, సాయంత్రం ఆరు

కుప్రమొంతానా ఊళ్లో దెర్నా దగ్గరికి వెళ్లాను. నాకంటే పదేళ్లు పెద్దది, ఇప్పటికీ తన బారు తనే నడుపుతుంది. నన్ను చూసి పకపకా నవ్వింది. ఏమే పల్మీనా, మొగుణ్ణి ఎక్కడన్నా పారేసుకున్నావా, పొద్దున్నే వచ్చాడు, ఖాళీ కూజా ఇవ్వమన్నాడు, ఇచ్చాను, కొత్త వైను సెయింట్ మార్టిన్ పండక్కి తెస్తానన్నాడు, ముసలాడు ఇంకా గట్టిగానే ఉన్నాడే అంది.

అప్పుడు అర్థమైంది నాకు. కూజాలు. బుట్ట అల్లిన పెద్ద గాజు కూజాలు. ప్రతి ఏడూ కోతకు ముందు ఊరూరా తిరిగి ఖాళీవి వెనక్కి తెస్తాడు. కడిగి, ఎండబెట్టి, బోర్లించి పెడితే గానీ మా ఇంట్లో పండు మీద కత్తెర పడదు. వచ్చే సోమవారం కోత అని నేనేగా చెప్పింది, గురువారం అడిగితే! ఆయన తన పని చేసుకుంటున్నాడు.

అప్పుడైనా దెర్నాకి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. సెల్‌ఫోన్ మర్చిపోయాడు, ఇద్దామని వచ్చాను అన్నాను. అయ్యో, నువ్వొక ఫోన్ కొట్టి ఉంటే భోజనానికి కూర్చోబెట్టేదాన్ని కదే అంది. ఆ పక్క ఊరు మయొలాతిలోనూ ఇదే కథ. వచ్చాడు, నవ్వాడు, కూజా తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. గంట ముందే వెళ్లాడన్నారు. చీకటి పడితే నాకు కళ్లు ఆనవు. తిరిగొచ్చేశాను. సిగ్గుగా ఉంది. భయంగా ఉంది. సిగ్గే ఎక్కువగా ఉంది, దేవుడు నన్ను క్షమించాలి.

సెప్టెంబర్ 15, ఆదివారం

రొసోరాలో నిన్న సాయంత్రం కనిపించాడట. మొంతెకరొత్తోలో రైతు సెత్తీమియో గడ్డివాములో పడుకుని తెల్లారకముందే లేచిపోయాడట. సెత్తీమియో నన్ను అక్కా అంటాడు. అక్కా, బావ ఇంట్లో వేసుకునే చెప్పులతో వచ్చాడేంటి, ఇదేం వేషం బావా అంటే బూట్లు పట్టడం లేదురా అన్నాడు, మీ ఇంట్లో అంతా బాగానే ఉంది కదా అని అడిగాడు. కాళ్లు వాచాయన్నమాట. బాగానే ఉంది అన్నాను. బాగానే! కార్లో కూర్చుని తల స్టీరింగుకేసి కొట్టుకున్నాను.

పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. మతిమరుపు ఉందా అమ్మా అని అడిగాడు ఆఫీసరు. కొంచెం అన్నాను. కొంచెం అయితే ఏం భయం లేదు, బండి ఉంది, దారులు తెలుసు, పెద్దాయన సాయంత్రానికి తనే ఇంటికి వస్తాడు అని నాకు కాఫీ ఇప్పించాడు. ఆ కాఫీ తాగాను కూడా. ఎలాంటి మనిషిని నేను?

మధ్యాహ్నం నుంచి వాన.

సెప్టెంబర్ 16, సోమవారం, ఉదయం ఐదు

వాన ఆగలేదు. ఆ ఆపేకి ఒకవైపు తలుపు లేదు.

అదే రోజు, మధ్యాహ్నం

చెప్పేశాను. అందరికీ. కూజా వాడుక ఉన్న ఎనిమిది ఇళ్లకూ ఫోన్ చేశాను. ఒక్కో ఇంటికీ మొదటి నుంచి చెప్పాను. నాజరేనోకి మతి పోయింది, రెండేళ్లయింది, నేను దాచాను, తోట అమ్మేశాం, ఆయనకు తెలియదు అని.

దెర్నా తిట్టడం మొదలుపెట్టింది. సిగ్గేంటే నీకు, మేం పరాయివాళ్లమా, ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ మనిషిని కుర్చీకి కట్టేసి అయినా కూర్చోబెట్టేదాన్ని కదే, నా చేత్తో నేనే కూజా ఎత్తి బండిలో పెట్టి టాటా చెప్పానే అని ఏడ్చింది. తిట్టించుకుంటుంటే ప్రాణం కాస్త తేలికపడింది.

పోలీసులకూ మళ్లీ చెప్పాను, ఈసారి కొంచెం అనలేదు. ఫాదర్ చర్చి గంట కొట్టించాడట. సెత్తీమియో, ఇంకా పదిమంది, తమ తోటల్లో కోత వదిలేసి ట్రాక్టర్లేసుకుని దారులు గాలిస్తున్నారు. వాన పడుతుంటే పండు కుళ్లిపోతుంది, అయినా వదిలేసి వచ్చారు. వీళ్ల ముందా నేను పరువు కాపాడుకున్నది?

కానీ ఒక్కటి తెలియడం లేదు. ఎనిమిది ఇళ్లకూ వెళ్లాడు. నిన్న మధ్యాహ్నానికే ఎనిమిదో కూజా తీసుకున్నాడు. పని అయిపోయింది. మరి ఇంటికి ఎందుకు రాలేదు?

సెప్టెంబర్ 17, మంగళవారం

దొరికాడు. వరసగా రాస్తాను.

పొద్దున్న ఏం తోచక పాత బట్టల పెట్టె తీశాను. ఏ కూజా ఎవరిదో తెలియడానికి మెడకు గుడ్డ పేలిక కడతాడు ఆయన. అన్నీ నా బట్టల్లోంచి కత్తిరించినవే, నన్ను అడక్కుండా. దెర్నాకి నా ఆకుపచ్చ గౌను. సెత్తీమియోకి చారల ఆప్రాన్. ఒక్కొక్కటీ పక్కన పెడుతూ పోతే అడుగున గోధుమరంగు కోటు తగిలింది. జేబు ఉన్న చోట చిల్లి. నేను పెళ్లికి ముందు వేసుకున్న కోటు. అది ఎవరిదబ్బా అనుకున్నాను. సెర్రా ఊళ్లో చెప్పులు కుట్టే ఒత్తొరీనో! మా పెళ్లిలో సాక్షి. చనిపోయి పదకొండేళ్లయింది. ఆ కూజా తిరిగి రానేలేదు.

చనిపోయిన వాడి గుమ్మానికి ఎవరన్నా వెళ్తారా? కానీ ఆయన లెక్కలో ఒత్తొరీనో బతికే ఉన్నాడు.

వెంటనే సెర్రాకి వెళ్లాను. అక్కడ కోట గోడ వెంట కప్పు వేసిన సందు ఉంది. ఆ సందులో తాళం వేసిన తలుపు ముందు మెట్టు మీద కూర్చున్నాడు. భుజాల మీద ఎవరిదో దుప్పటి. పాదాలు ఉబ్బి చెప్పుల్లోంచి పొంగుతున్నాయి. ఎదురింటావిడ ఊళ్లోకి కొత్తగా వచ్చింది. రెండు రోజులుగా ఇక్కడే కూర్చుంటున్నాడమ్మా, స్నేహితుడు లేచేదాకా కదలనన్నాడు, సూప్ ఇస్తే తాగాడు, రాత్రి బలవంతంగా లోపల పడుకోబెట్టాను అంది. ఆవిడ చేతులు కళ్లకు అద్దుకున్నాను.

నన్ను చూడగానే ఆయన, మెల్లగా మాట్లాడవే, ఒత్తొరీనో పడుకున్నాడు అన్నాడు. ఆ తర్వాత, ఎనిమిదే దొరికాయి పల్మీనా, తొమ్మిదోది లేకుండా కోత ఎలా మొదలుపెడతాం అన్నాడు. తప్పు చేసిన పిల్లాడి మొహం పెట్టాడు.

కోత లేదని ఎనిమిదోసారి చెప్పాల్సిన మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాను.

అక్టోబర్ 4

హాస్పిటల్ నుంచి నిన్న ఇంటికి తెచ్చాను. వారం కిందటే మెషీన్ వచ్చి తోటంతా ఒక పూటలో దులిపేసి పోయిందట. ఆయన కిటికీలోంచి చూసి, కోత అయిపోయిందే, నేను లేకుండానే కానిచ్చావా అన్నాడు. ఆ కళ్లలో సంతోషం! కూజాలు కడగాలి అని లేచాడు.

ఒత్తొరీనో మేనకోడలు తాళం తీయించి వెతికితే మెట్ల కింద దొరికిందట తొమ్మిదో కూజా. తెచ్చిచ్చింది. గోధుమరంగు పేలిక ఇంకా మెడకు ఉంది.

అక్టోబర్ 23

తొమ్మిది కూజాల ముందు రోజంతా కూర్చుంటాడు. ఎప్పుడు నింపుతావు అంటాడు. నింపితే గానీ తిననంటాడు. నాలుగు చెంచాల సూప్ మీద బతుకుతున్నాడు. ఇలా అయితే చలికాలం దాటడమ్మా అన్నాడు డాక్టర్.

వైను కొని వాటిలో పోసేద్దామా అనుకున్నాను. కొన్నది నోట్లో పడిందంటే, ఎవడి వైను ఇది అని నన్ను నిలదీస్తాడు. మనుషుల్ని మర్చిపోతాడేమో గానీ తన వైను మర్చిపోడు. చచ్చిపోవాలనిపిస్తోంది. ఆయన్ని వదిలి చావడానికి కూడా లేదు నాకు.

నవంబర్ 9

ఎనిమిది ఇళ్లకూ, ఒత్తొరీనో మేనకోడలికీ ఫోన్ చేశాను. అడగరానిది అడిగాను. ఎవరూ నవ్వలేదు. సోమవారం ఎన్నింటికి వస్తారే అంది దెర్నా.

నవంబర్ 11, సెయింట్ మార్టిన్ పండుగ

తొమ్మిది కూజాలూ బావి నీళ్లతో నింపాను. పరాయి వైను కంటే మా బావి నీళ్లే నయం. ఆపే నేను నడిపాను.

దెర్నా గ్లాసులో పోసుకుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. వాసన చూసింది. ఒక గుక్క తాగి, ఈ ఏడు కాస్త తేలిగ్గా ఉందే నాజరేనో అంది.

వానలు పడ్డాయి కదా అన్నాడు.

ఆమె పెట్టిన రొట్టె రెండు ముక్కలు తిన్నాడు. ఇంకా ఎనిమిది ఇళ్లున్నాయి.