కంప్యూటర్‌లో మల్లెపువ్వు

పర్చూరు,
శుక్రవారం

క్రీస్తుదాసు గారికి,

ఒకే కప్పు కింద ఉంటూ ఉత్తరమేమిటని నవ్వుకోకండి. ఈ అలవాటు చేసింది మీరే. పెళ్లయిన కొత్తలో మీ అమ్మానాన్నలకూ మనకూ కలిపి ఒకటే గది. గొంతెత్తి పోట్లాడుకునే వీల్లేక, కోపమొస్తే కాగితం మీద రాసి దుకాణంలో కంప్యూటర్ కీబోర్డు కింద పెట్టుకునేవాళ్లం. అవతలివాళ్లు జవాబు రాసి అక్కడే పెట్టేవాళ్లు. మన కాగితం మూడో మనిషి కంట పడకూడదని మాట కూడా అనుకున్నాం.

సూటిగా అడుగుతాను. మన డీటీపీ దుకాణంలో ఆ పాత కంప్యూటర్ మీద పేర్లన్నీ ఎందుకు చెరిపేశారు? ఏ ఫోల్డర్ ఎవరిదో కింద చక్కగా రాసి ఉండేది. అంగన్‌వాడీ నుంచి వచ్చి నేనే తెరిచి ప్రింటు తీసేదాన్ని. ఇప్పుడు ఫోల్డర్లు పోయి బొమ్మలొచ్చాయి. మిరపకాయ నొక్కితే కోల్డ్ స్టోరేజీ వాళ్ల రసీదులు, పత్తికాయ నొక్కితే జిన్నింగు మిల్లు బిల్లులు, సిలువ నొక్కితే మన చర్చి పాటల కాగితాలు. ఏంటండీ ఇది అంటే, "పాత మొహం చూసి చూసి విసుగొచ్చిందిలే, సరదాకి మార్చా" అన్నారు. తల నెరిశాక పుట్టిన సరదా కాబోలని ఊరుకున్నాను. మరి ఆ మూలనున్న మల్లెపువ్వు ఎవరిది? నేను మౌస్ అటు జరపగానే స్విచ్ ఆపేసి, కరెంటు పోయిందన్నారు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఇంకా ఉంది. పని ఇవ్వడానికొచ్చిన వాళ్లను కూర్చోబెట్టి "మీరు బయటికి చదవండి, నేను కొడతా" అంటున్నారు. ప్రూఫు చూడాలంటే కాగితాలు పట్టుకుని ఎదురుగా నసీమున్నీసా కుట్టుమిషను దుకాణానికి పరిగెడుతున్నారు. ఆవిడ ఏదో చెబుతుంటే తలవంచుకుని వింటారు. నేను గుమ్మంలోకి రాగానే ఇద్దరి నోళ్లూ మూతపడతాయి. గొంతు బాగాలేదని చర్చిలో వాక్యం చదవడం మానేశారు. ఇంటికొచ్చి స్నానం చేస్తూ పాటలు పాడుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నాకు పొగ ఒక్కటే కనపడుతోంది, నిప్పు ఎక్కడుందో మీరే చెప్పాలి.

ఆదివారంలోగా జవాబు రాయండి. లేకపోతే సింగరాయకొండ మా అన్నయ్య ఇంటికి వెళ్లిపోతాను.

దేవకుమారి


సోమవారం

ఏమండీ,

ఆదివారం వెళ్లిపోయింది. కీబోర్డు ఎత్తి చూస్తే నా కాగితం లేదు, మీ జవాబూ లేదు. కాగితం మీ చొక్కా జేబులో కనపడింది. చదివారా అంటే "ఊఁ" అన్నారు. ఏమంటారు మరి అంటే "చూద్దాంలే" అన్నారు. కాపురం సంగతి అడిగితే ఇచ్చే జవాబేనా అది?

ఇవాళ మీరు ఆవిడ దుకాణంలో ఉండగా మల్లెపువ్వు తెరిచాను. ఎవరో ఒకామె ఫోటో ఉంటుందని గుండె చిక్కబట్టుకునే తెరిచాను. లోపల ఉన్నది నా ఉత్తరం. స్కాన్ చేసి, ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో అక్షరం అరచేయంత చేసి దాచుకున్నారు. ఫోటో ఉన్నా ఇంత బాధపడేదాన్ని కాదు. ఎవరికి చూపించడానికండీ? సంఘ పెద్దలకా, వకీలుకా? ఏ మాట పట్టుకుని నన్ను తప్పుబట్టాలా అని వెతుకుతున్నారా? మీ మీద అనుమానం వచ్చినందుకు నిన్న చర్చిలో సిగ్గుపడుతూ ప్రార్థన చేసుకున్నాను. ఇప్పుడా సిగ్గు కూడా లేదు.

సంచి సర్దుకున్నాను. పొద్దున మొదటి బస్సుకు వెళ్తాను. ఆపాలనుంటే రాయండి. నోటితో "చూద్దాంలే" అనకండి.

దేవకుమారి


కుమారీ,

వరసలు ఒకదాని మీద ఒకటి పడితే సర్దుకుని చదువు. చేయి రాస్తోంది కానీ, రాసింది నేను చదవలేను.

ఆమధ్య కోల్డ్ స్టోరేజీలో రసీదు పుస్తకాలు ఇచ్చి వస్తుంటే కళ్లు తిరిగి బస్తాల మీద కూర్చున్నాను. లేచి గోడ మీద బోర్డు చూస్తే మన తెలుగే, నాకు రాని భాషలా ఉంది. ఎండ దెబ్బేమో అనుకున్నాను. గుంటూరులో డాక్టరు మెదడులో చిన్న నరం మూసుకుపోయిందన్నాడు. ప్రాణానికి భయం లేదట, మందులు వాడుతున్నాను. చదువు తిరిగొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. రాయడం మాత్రం పోలేదు.

నీకు చెప్పకపోవడం తప్పే. అక్షరాలు అమ్ముకుని బతికేవాడికి అక్షరం తెలియడం లేదంటే ఈ ఊళ్లో పని ఎవరిస్తారు? నీకు చెబితే నీ కళ్లు చూసి అందరికీ తెలిసిపోతుందని భయపడ్డాను. పేర్లు కనపడితే తల తిరుగుతోందని బొమ్మలు పెట్టుకున్నాను. ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో వేళ్లకు గుర్తుంది కాబట్టి మార్చగలిగాను. ప్రూఫులు నసీమున్నీసా గారు చదివి పెడుతోంది. "మీ ఆవిడకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా క్రీస్తుదాసు గారూ" అని రోజూ తిడుతోంది.

నువ్వు మల్లెపువ్వు తెరిచావని తెలుసు, మూయకుండా వెళ్లిపోయావు. అది మన పెళ్లికార్డు మూలన నేను పెట్టిన పువ్వే. మొదట అందులో డాక్టరు కాగితాలు దాచి, నువ్వు చూస్తావని స్విచ్ ఆపేశాను; నీ ఉత్తరం వచ్చాక అవి తీసేసి దీన్ని పెట్టుకున్నాను. నీ ఉత్తరం మాత్రం ఆవిడ చేత చదివించలేదు. అందుకే ఒక్కో అక్షరం పెద్దది చేసి, వేలితో దిద్దుకుంటూ అదేమిటో పోల్చుకుంటున్నాను. "నవ్వుకోకండి" దాకా వచ్చాను. ఏదో సరదాగా మొదలుపెట్టావని సంబరపడ్డాను. తర్వాత ఏముందో నాకు తెలియదు. రెండో కాగితం ఇంకా మొదలుపెట్టనే లేదు. గుమ్మం పక్కన సంచి మాత్రం చూశాను.

నీ ఉత్తరం నసీమున్నీసా గారి చేత చదివించలేదు. ఇది ఇందాక రాశానో లేదో, వెనక్కి వెళ్లి చూసుకోలేను.

నీ కాగితాలు రెండూ దీంతో పాటే కీబోర్డు కింద పెడుతున్నాను. నా ఎదురుగా కూర్చుని నువ్వే చదివి వినిపించు. తిట్లుంటే తిట్లతోనే చదువు, నన్ను చూసి జాలిపడి ఏదీ దాటెయ్యకు. అంతా విన్నాక కూడా నీకు వెళ్లాలనిపిస్తే, పదింటికి ఇంకో బస్సుంది.

నీ
క్రీస్తుదాసు