చేత్తో బిగించిన బోల్టు

9 మే 1968, గురువారం. బాపట్ల.
ఈ పాత కారు కొన్న దగ్గర్నుంచి వేధిస్తున్న ఎర్ర దీపం ఇవాళ ఆరింది. నేనే ఆర్పాను! తాళం తిప్పితే వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి — మనదాంట్లో మాత్రం మిణుకుమిణుకుమంటూనే ఉండేది. అంటే బ్యాటరీకి డైనమో కరెంటు అందడం లేదు. కారుతో వచ్చిన పుస్తకం తీసి చదివాను. డైనమోను తిప్పే బెల్టు వదులు. డ్రైవరు సాంబయ్య సెలవులో ఉన్నాడు. అయినా ఈపాటి పనికి వాడెందుకు? బోల్టు సడలించి, వంటింటి రోకలితో డైనమోను ఎగదోసి, బెల్టు బిగలాగి, మళ్ళీ బోల్టు బిగించాను. రోకలి పట్టుకుపోయినందుకు మా ఆవిడ కమల గొణుగుడు. తెనాలి నుంచి వచ్చిన బావమరిది మూర్తి మాత్రం నోరు తెరుచుకుని చూశాడు. "మీరు ప్లీడరు అవ్వాల్సింది కాదు బావగారూ, ఇంజనీరు!" …ఎంత హాయిగా ఉందో ఆ మాట.

12 మే, ఆదివారం.
దీపం మళ్ళీ వెలగలేదు. స్టేషను దాకా ఊరికే తిరిగొచ్చాను. సెలవు నుంచి వచ్చిన సాంబయ్యకు కథంతా చెప్పాను, రోకలితో సహా.

14 మే, మంగళవారం.
రేపల్లె రాఘవయ్య గారి అమ్మాయి పెళ్ళికి మన కారే. పెళ్ళికొడుకు ఊరేగింపు అందులోనే. రైసుమిల్లు యజమాని, నా పెద్ద క్లయింటు — కాదంటానా. నాకంటే సాంబయ్యకు సంబరం. పెళ్ళవగానే వాణ్ణి మిల్లు లారీ మీద పెట్టుకుంటానని ఆయన మాటిచ్చారు. పెళ్ళాం పిల్లలు రేపల్లెలో, వీడేమో ఇక్కడ నా వరండాలో. "ఇంక రోజూ ఇంటికాడే అన్నం తింటానండి" అంటాడు.

17 మే, శుక్రవారం. రేపల్లె.
రాయలేను.

18 మే, శనివారం.
రాస్తాను.
నిన్న సాయంత్రం విడిది నుంచి ఊరేగింపు. కారు నిండా మల్లెదండలు, చుట్టూ రంగుబల్బులు — అన్నీ కారు బ్యాటరీ మీదే. సన్నాయివాళ్ళ వెనక నడక వేగం. వెనక సీట్లో పెళ్ళికొడుకు. ముందు పట్టుపంచెలో నేను. సాంబయ్య మెల్లగా, "అయ్యగారండీ, ఎర్ర లైటు వెలుగుతా ఉందండి." నెమ్మదిగా పోతే అంతేలే, పోనియ్యి — అన్నాను. పుస్తకంలో ఉంది మరి. బజారు మధ్యకు వచ్చేసరికి బల్బులు మసకబారాయి. ఆరిపోయాయి. ఇంజను ఆగింది. తోసినా లాభం లేదు. పెళ్ళికొడుకు దిగి నడిచాడు. "శుభమా అని బయల్దేరితే ఇదేంటండీ?" — మగపెళ్ళివారి పెద్దాయన. రాఘవయ్య గారి మొహంలో నెత్తురుచుక్క లేదు. నా వైపు తిరిగారు.
"ఎన్నిసార్లు చెప్పానండీ వీడికి, బయల్దేరేముందు అన్నీ చూసుకోమని!"
నా గొంతే అది. కోర్టులో కూడా అంత గట్టిగా రాదు. సాంబయ్య తల దించుకున్నాడు. "ఇలాంటోడి చేతికా నా లారీ ఇచ్చేది!" అన్నారు రాఘవయ్య గారు.
ఇవాళ పొద్దున సాంబయ్య బానెట్ దించుతూ, "డైనమో బోల్టు వదిలేసిందండి. బెల్టు జారింది. బిగించానండి." అంతే అన్నాడు. ఎవరు తిప్పిన బోల్టో అనలేదు.
ఆ రోజు బోల్టు చేత్తో తిప్పి, స్పానరు అందుకోబోతుంటే ఎవరో క్లయింటు వచ్చాడు. లేచాను. మళ్ళీ దాని మొహం చూడలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

20 మే, సోమవారం. తెనాలి.
డైనమో, బ్యాటరీ విప్పించి ఇక్కడి ఎలక్ట్రికల్ షాపులో చూపించాను. తప్పు వాటిదని తేలితే బాగుండునని. "రెండూ భేషుగ్గా ఉన్నాయి సార్." మళ్ళీ చూడమన్నాను. విసుక్కున్నాడు. నన్ను నిర్దోషిని చెయ్యమని ఇనపముక్కను బతిమాలుకుంటున్నాను!

22 మే, బుధవారం. బాపట్ల.
కమలకు చెప్పాను. ఆవిడ — "వెళ్ళి రాఘవయ్య గారితో చెప్పండి. ఒక్క ముక్క." ఒక్క ముక్కే. నోటితో బతికేవాణ్ణి.

26 మే, ఆదివారం. రేపల్లె.
వెళ్ళాను. సాంబయ్యే తీసుకెళ్ళాడు. పెసరట్టు పెట్టారు, తిన్నాను. మామిడిపళ్ళ గురించి మాట్లాడాను. అల్లుడి ఉద్యోగం గురించి మాట్లాడాను. చివరికి — సాంబయ్య సంగతి… అన్నాను. తప్పు వాడిది కాదండి, అనాలి. నోట్లోంచి వచ్చింది ఇది: "మంచివాడేనండి. నమ్మకస్తుడు."
ఆయన నవ్వారు. "మీ పరువు తీసినోడి కోసం ఇంతదూరం వచ్చారా! మీది పెద్ద మనసండి. మీరే క్షమించాక నాదేముంది? ఒకటో తారీకున రమ్మనండి." సాంబయ్యను లోపలికి పిలిచారు. "మీ అయ్యగారి కాళ్ళకి దణ్ణం పెట్టుకోరా. ఆయన దయ."
పెట్టాడు. నేను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

31 మే, శుక్రవారం. బాపట్ల.
సాంబయ్యకు ఇక్కడ ఆఖరు రోజు. వాడి పెళ్ళానికి చీర తీసి పెట్టింది కమల. పొద్దున కారు కడిగి, తాళాలు టేబులు మీద పెట్టి నిలబడ్డాడు. వెళ్ళిరా — అన్నాను. కదల్లేదు.
"లారీ కాడ అందరూ అడుగుతున్నారంటండి, పెళ్ళికొడుకుని నడిపించింది నువ్వేనా అని. ఏం చెప్పమంటారండి?"
ఎగతాళి లేదు, కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నేను పేపరు తిరగేశాను. చదువుతున్నట్టే ఉండిపోయాను. కాసేపటికి లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను.
చీర పొట్లం చంకలో పెట్టుకుని ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.