మిద్దె మీద రెక్కల మొసలి

2011 ఏప్రిల్ 4, సోమవారం. ఖర నామ ఉగాది.

ఉదయం 8:00. ఉగాది పచ్చడి తిన్నాను. కొత్త సంవత్సరం, కొత్త నిర్ణయం, కొత్త డైరీ! (డైరీ జనవరిలో ఆఫీసువాళ్ళు ఇచ్చిందే. ముందు పేజీలు చింపేస్తే కొత్తదే కదా.)

నిర్ణయం: మంచం కింద అట్టపెట్టెలో ఏడాదిగా పడుకున్న రెక్కల మొసలిని లేపి, అతికించి, రంగులేసి, నిలబెట్టడం.

చిన్నప్పుడు తణుకులో ఓ ఇంగ్లీషు సినిమా చూసి జ్వరం తెచ్చుకున్నాను. మొసలి తల, గబ్బిలం రెక్కలు, కోడి కాళ్ళు ఉన్న రాక్షసి ఒకటి ఓడలను నమిలేస్తుంది. ఆ రాక్షసి బొమ్మే ఇది. మా ఆఫీసు కళ్యాణ్ సింగపూరు ట్రైనింగుకి వెళ్తుంటే బతిమాలి తెప్పించుకున్నాను. రెజిన్‌తో పోతపోసిన బూడిదరంగు ముక్కలు. అన్నీ అతికిస్తే మూరెడు ఎత్తు ఉంటుంది.

9:30. సుబ్బులుకి చెప్పాను. నా భార్య. నవ్వింది.

"గిటారు అయింది, యోగా అయింది, తేనెటీగలు అయ్యాయి. ఇప్పుడు మొసలా?"

తేనెటీగల ఊసు ఇప్పుడెందుకు!

అసలు సంగతి చిన్నగది. సుబ్బులు ఉప్పల్లో మగ్గం వర్క్ నేర్చుకుంది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక జాకెట్ల షాపువాళ్ళు పెళ్ళి జాకెట్లు ఇస్తామంటున్నారు. కానీ మగ్గం మంచమంత ఉంటుంది, దానికి ఒక గది కావాలి. నాకేమో నా బొమ్మకి గది కావాలి. ఈ నాచారం ఇంట్లో మిగులు గది ఒక్కటే.

పందెం: రోహిణి కార్తె వచ్చేలోపు మొసలి పూర్తయితే గది నాది. కాకపోతే మగ్గానిది.

"సగం రంగులు చెల్లవు. ఎటు తిప్పి చూసినా పూర్తయినట్టు ఉండాలి" అంది.

వెంటనే ఒప్పేసుకుంది. ఆ వెంటనే ఒప్పుకోవడమే నాకు గుచ్చుకుంది. చూపిస్తా!

ఏప్రిల్ 5, మంగళవారం.

ఉదయం 6:00. లేచాను!! సబ్బునీళ్ళలో ముక్కలన్నీ కడిగాను. పోతపోసినప్పటి నూనె పోకపోతే రంగు నిలవదట. కాళ్ళు, గోళ్ళు, నాలుక, రెక్కలు జల్లెట్లో పోసి పిట్టగోడ మీద ఆరబెట్టాను.

మా ఓనరు హన్మయ్యగారి భార్య సత్తమ్మగారు కింది నుంచి వచ్చి తొంగిచూసింది.

"ఏంది సారూ గివి? కోడికాళ్ళు ఎండవెడుతున్నరా?"

"రాక్షసి కాళ్ళండీ."

"గట్లనా" అని ఒక అడుగు వెనక్కి వేసింది.

ఏప్రిల్ 10, ఆదివారం.

ముక్కలకి పోతలో మిగిలిన అంచులు బ్లేడుతో చెక్కి, తడిపిన గరుకు కాగితంతో రుద్దాను. దుమ్ము పీల్చకూడదని ముక్కుకి రుమాలు కట్టుకున్నాను. పాలవాడు చూసి భయపడి, ప్యాకెట్లు మెట్ల మీదే పెట్టి వెళ్ళిపోయాడు.

తోక అతికింది! తలా అతికింది! నా చూపుడువేలూ మధ్యవేలూ కూడా అతికాయి. వేడినీళ్ళు, నూనె, సుబ్బులు తిట్లు, మూడూ కలిస్తే గానీ విడిపోలేదు.

అయినా ఉత్సాహం ఏమాత్రం తగ్గలేదు. ఈ లెక్కన మే మొదటివారానికే పూర్తి. గదిలో మొసలికి షోకేసు ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గోడ మీద గీసుకున్నాను.

ఏప్రిల్ 24, ఆదివారం.

రెండు వారాలు రాయలేదు. కారణాలు ఉన్నాయి. ఒకటి, ఆఫీసులో ఆడిట్. రెండు, కరెంటు కోతలు. మూడు, ఇవాళ స్టేడియంలో మ్యాచ్. ఆ రద్దీలో ఉప్పల్ చౌరస్తా నుంచి ఇల్లు చేరేసరికి ప్రాణం పోయింది. మ్యాచ్ టీవీలో కూడా చూడాలి కదా, ఎంతైనా మన పేట స్టేడియం.

మొసలి రేపు.

మే 1, ఆదివారం.

శ్రమజీవుల దినం. శ్రమించాను! రెక్కలు అతికించి, సందుల్లో పుట్టీ పెట్టి, త్వరగా ఆరాలని మిద్దె మీద ఎండలో నిలబెట్టాను. అక్కడే సత్తమ్మగారు పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. ఆ పక్కనే ఖాళీ చూసి పెట్టాను. మనకి ఏది ఆరాలన్నా మిద్దె మీద మే నెల ఎండే కదా. వడియాలు, మిరపకాయలు, పరుపులు, అన్నీ అక్కడే.

మధ్యాహ్నం 3:00. అయ్యో అయ్యో అయ్యో!

ఈ రెజిన్ వేడికి మెత్తబడుతుందట. ఆ మాట పెట్టె మీద ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. నేను ఇప్పుడు చూశాను. రెండు రెక్కలూ వాడిపోయిన తమలపాకుల్లా వేలాడుతున్నాయి. ఓడలు నమిలే రాక్షసి తలొంచుకుని ఏడుస్తున్నట్టుంది.

సత్తమ్మగారు మాత్రం మొహం విప్పార్చుకుని వచ్చింది.

"సారూ, ఇయ్యాల కాకి ఒక్కటి గూడ వడియాల దిక్కు రాలే! మస్తుగున్నది మీ బొమ్మ. రేపు గూడ జర ఈడనే పెట్టున్రి."

మే 2, సోమవారం.

వేడికి వంగింది వేడికే లేస్తుందని చదివాను. సాయంత్రం ఇడ్లీ గిన్నెలో నీళ్ళు మరిగించి రెక్కలు ముంచాను. కుడిరెక్క లేచింది! ఎడమది లేవనంటే లేవలేదు, సగంలో అడ్డంగా ఆగిపోయింది. ఇప్పుడు చూస్తే చౌరస్తాలో చెయ్యి చాపి షేర్ ఆటో ఆపుతున్నట్టుంది.

సుబ్బులు వచ్చి గిన్నె చూసింది. మొసలిని చూసింది. నన్ను చూసింది.

"రేపటి నుంచి మీరు ఆ గిన్నెలో ఇడ్లీ తింటారా, నేను తినాలా?"

ఆ గిన్నె ఇక మొసలిదే.

మే 8, ఆదివారం.

ఇప్పుడు నా తప్పేమీ లేదు. పొద్దున ఎండెక్కగానే సత్తమ్మగారు మొసలిని పట్టుకుపోతుంది. (రెక్కలు మళ్ళీ వాలకుండా ట్యాంకు నీడలోనే పెడుతుందిలే.) వడియాలయ్యాయి, ఇప్పుడు ఊరగాయకి మామిడి ముక్కలు ఎండబెడుతోంది. సాయంత్రానికి గానీ మొసలి తిరిగి రాదు. వచ్చేసరికి కరెంటు పోతుంది. చీకట్లో ఎవరైనా మొసలికి రంగు వేయగలరా? పికాసో అయినా వేయగలడా?

అయినా ఇవాళ పట్టుబట్టి మొహానికి వేశాను. ఆకుపచ్చ, దాని మీద నలుపు మరకలు. కళ్ళు ఎరుపు. నాలుకకి ఎరుపు చాలక సుబ్బులు గోళ్ళరంగు వాడాను. ఏమాటకామాటే, భయంకరంగా వచ్చింది! మూడు అడుగుల దూరం నుంచి చూసి నేనే ఉలిక్కిపడ్డాను.

మే 14, శనివారం.

పొట్ట, ఛాతీ, కాళ్ళు, రెక్కల ముందువైపు అయ్యాయి.

ఆలోచించాను. బొమ్మని ఎటూ గోడకి ఆనించి పెడతాం. వీపు ఎవరికి కనిపిస్తుంది? వెంకన్నకి మాత్రం రోజూ వీపు ఎవరు చూస్తున్నారు? (లెంపలేసుకున్నాను.) వీపుకి రంగు వేయడం అంటే రంగు వృథా చేయడం. పర్యావరణం కూడా ఒకటి ఉంటుంది కదా.

"ఎటు తిప్పి చూసినా అన్నాను" అంది సుబ్బులు, నేనేమీ అడగకుండానే.

"గోళ్ళరంగు సగమైపోయింది" అని కూడా అంది.

మే 19, గురువారం.

మగ్గం కర్రలు వచ్చేశాయి. షాపువాళ్ళు ఆగలేక మొదటి జాకెట్ ఇచ్చేశారు. చిన్నగదిలో నా బ్రష్షులు, సీసాలు, గరుకు కాగితాలు పరుచుకుని ఉన్నాయి కాబట్టి సుబ్బులు హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య మగ్గం ఇరికించుకుని కూర్చుంది. ఎవరు అటు వెళ్ళాలన్నా లేచి నిలబడుతుంది. వెలుతురు చాలక మొహం గుడ్డకి ఆనించి కుడుతోంది.

నేను టీవీ చూస్తున్నాను. సీరియల్ మధ్యలో మెడ పట్టుకుని "అమ్మా" అంది. నాకు వినిపించాలని అన్నది కాదు.

అదే నన్ను పట్టేసింది.

మే 24, మంగళవారం.

రేపు రోహిణి కార్తె. వీపు అలాగే బూడిదరంగులో ఉంది. ఒక్కరోజులో పూర్తి చేయొచ్చు. చేయలేదు. బ్రష్షు కడగకుండా వదిలేస్తే చీపురుపుల్ల అయి కూర్చుంది.

సెలవు పెట్టి గది నేనే ఖాళీ చేశాను. గోడ మీది పెన్సిల్ గీతలు చెరిపాను. మగ్గాన్ని కిటికీ పక్కన వేశాను. సుబ్బులు బజారు నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"రేపటిదాకా టైముంది కదండీ."

"నా సంగతి నాకు తెలుసులే."

ఓడిపోయినందుకు కాదు నా బాధ. ఈ మనిషి పూర్తి చేయడని ఆమెకి ఉగాది రోజే తెలుసు. తెలిసీ యాభై రోజులు ఆ గది నాకు వదిలేసింది, మెడనొప్పి పెట్టుకుంది. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

మే 29, ఆదివారం.

హన్మయ్యగారు వచ్చారు. మా పక్క ఖాళీ జాగాలో ఆయనే కొత్త ఇల్లు కడుతున్నారు. పిల్లర్లు లేచాయి.

"రామ్మోహన్ సారూ, మీ రాచ్చసిని నాకియ్యిన్రి."

"ఎందుకండీ?"

"ఇంటికి దిష్టి తగులుతున్నది. గుమ్మడికాయ కట్టిన, ఆగలే. మొన్న సెంట్రింగ్ కట్టె ఇరిగింది, నిన్న మేస్త్రీకి జరమొచ్చింది. బజార్ల దొరికే దిష్టిబొమ్మలు అన్నీ పండ్లికిలిస్తున్నయి, ఎవనికీ భయం లేదు. మీదాన్ని సూస్తె గుండె ఝల్లుమంటది. గా రెక్క సూడున్రి, అడ్డం పెట్టి ఆగుమన్నట్టే ఉన్నది!"

ఎండకి వాడిన రెక్క! ఇడ్లీ గిన్నెలో లేవని రెక్క!

"అది పూర్తి కాలేదండీ" అన్నాను.

"దిష్టిబొమ్మకు పూర్తేంది సారూ."

ఇచ్చేశాను. సాయంత్రానికి పిల్లరు ఇనుపచువ్వలకి, రెక్కలు ఎండకి మళ్ళీ వాలకుండా తీగ చుట్టి కట్టేశారు, మొహం రోడ్డు వైపు. నాగారం నుంచి వచ్చే ఇసుక లారీ డ్రైవరు తల బయటపెట్టి చూసి మరీ వెళ్ళాడు. ఒప్పుకుంటున్నాను, ఛాతీ కాస్త పొంగింది.

జూన్ 12, ఆదివారం.

ఉదయం 11:00. సుబ్బులు పిలిచింది. చిన్నగదిలో మగ్గం ముందు కూర్చుని ఉంది. గుడ్డ మీద నెమలి, సగం కుట్టింది.

"కిటికీలోంచి చూడండి."

చూశాను. రోడ్డంతటికీ మొహం. మా కిటికీకి వీపు. బూడిదరంగు వీపు, పుట్టీ మరకలతో సహా. మగ్గం మీద నుంచి తలెత్తినప్పుడల్లా సుబ్బులుకి కనిపించేది అదొక్కటే.

"రోజంతా దాన్నే చూస్తున్నానండీ. ఈ నెమలికి కూడా ఒక పక్కే కుట్టి పంపేయనా?"

కిందికి పరిగెత్తాను. దించుతానంటే సత్తమ్మగారు అడ్డం పడింది.

"అమ్మో! గృహప్రవేశం దాకా దిష్టిబొమ్మను దించొద్దు సారూ. ఇల్లుకు మంచిది గాదు. శ్రావణంల పూజ అయినంక మీది మీరు తీస్కోన్రి."

అంటే ఇక వీపుకి రంగు వేస్తే నిచ్చెనెక్కి అక్కడే వేయాలి.

పైకొచ్చి చెప్పాను. సుబ్బులు సూదిలో దారం ఎక్కిస్తూ కిటికీ గూడు వైపు చూపించింది. పూసల డబ్బాలన్నీ ఒక మూలకి సర్దేసి, గూడులో మూరెడు చోటు ఖాళీగా వదిలింది. అడుగున పాత జరీ గుడ్డ ముక్క కూడా పరిచింది.

"ఇదెవరికి?" అన్నాను.

"పూర్తయి వచ్చినవాళ్ళకి."



సాయంత్రం 5:00. కొత్త నిర్ణయం! శ్రావణంలో గృహప్రవేశంలోపు వీపు పూర్తి. రేపు ఉదయం ఆరింటికి మొదలు. హన్మయ్యగారి నిచ్చెన అడిగాను, ఇస్తానన్నారు. కొత్త బ్రష్షు తెచ్చాను. వాడగానే కడుగుతాను.

5:30. మబ్బు పట్టింది. తొలకరి. వానలో రంగు ఆరదు కదా, వచ్చే ఆదివారం అయితే

5:35. పై వాక్యం సుబ్బులు నా భుజం మీంచి చదివేసింది. వెళ్ళి అటక మీద నుంచి గొడుగు దించుకొచ్చింది.

"మీరు వేయండి. నేను పట్టుకుంటాను."

రేపు ఉదయం 6:00.