సీటు వాడిది, ప్లేటు నాది

ఆగస్టు 3, ఆదివారం

బైపాస్ హోటల్ కూడా పోయింది. మూతపడలేదు... చచ్చింది. ఆదివారం అన్‌లిమిటెడ్ అన్న బోర్డు అలాగే ఉంది. మటన్ గిన్నె దగ్గర మాత్రం ఒక మనిషిని కాపలా పెట్టారు. గరిటె వాడి చేతిలోనే. రెండు ముక్కలు వేసి నా వెనకాల మనిషిని చూస్తాడు. మళ్ళీ వెళ్తే గుర్తుపట్టాడు. "ఇందాక వేశా కదండీ..." ముప్పై ఏళ్ళు హైస్కూల్లో హిందీ చెప్పి ఎంతమందిని బెంచీ ఎక్కించానో, ఇవాళ ఒక గరిటెవాడు నన్ను నిలబెట్టాడు.

సువార్త పెరుగన్నం తిని లేచింది. ఇంట్లో వండుకున్నా ఇంతకంటే బాగుండేదంది. తన వంట మీద నా భార్యకున్న నమ్మకం పెద్దది. డాక్టరు నాకు ఉప్పు తగ్గించమన్న రోజు నుంచి మా ఇంట్లో కూరలన్నిటికీ ఒకటే రుచి. ఆ సంగతి ఆవిడకి చెప్పను. చెబితే ఏడుస్తుంది, ఏడ్చి మళ్ళీ అదే వండుతుంది.

ఆగస్టు 10, ఆదివారం

కంచికచర్లలో కొత్తది. చర్చి అవగానే ఒక్కణ్ణే బస్సెక్కా. ముందు బజ్జీలు, తర్వాత నూడుల్సు, సాంబారన్నం. కోడి వేపుడు మాత్రం ఒంటిగంటన్నరకి బయటికి తెచ్చారు, అందరి కడుపులూ నిండాక. నాకీ ఎత్తు తెలుసు. మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నా. నా పక్క బల్ల మీద ఒకాయన బజ్జీలతోనే నిండిపోయి, వేపుడు వచ్చేసరికి దిక్కులు చూస్తున్నాడు. ఆయన మొహం చూస్తూ నాలుగు ముక్కలు ఎక్కువ తిన్నా.

అయినా నూనె మంచిది కాదు. ఇక ఇటు రాను.

ఆగస్టు 14

డ్రిల్లు మాస్టారు కనబడ్డాడు. నాతోపాటే రిటైరయినవాడు. పేట ఊరవతల తోటల్లో ఉన్న పేకాట క్లబ్బు గురించి చెప్పాడు. అక్కడి భోజనం ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదట. ఆడేవాడు లేచి వెళ్ళిపోకూడదు కాబట్టి మంచిగా పెడతారు, రేటు నామమాత్రం. ఆడేవాడు ఒక గెస్టుని తీసుకురావచ్చు. ఒకటే షరతు... మెంబరు బల్ల దగ్గర కూర్చుని ఆడుతున్నంతసేపే గెస్టుకి ప్లేటు.

నాకు పేక రాదు. నేర్చుకునే ఓపికా లేదు. ఆ క్లబ్బులో మెంబరు నాకు ఒక్కడే తెలుసు. సువార్త తమ్ముడు దాసు.

వాడు ఏప్రిల్లో మానేశాడు. మా హాల్లోనే, బైబిలు మీద చెయ్యి పెట్టి. అప్పటికే వాడి పెళ్ళాం సునీత పాపని తీసుకుని కంచికచర్లలో పుట్టింటికి పోయింది. క్రిస్మస్ దాకా పేకముక్క ముట్టకుండా ఉంటే వస్తానంది. సంఘపెద్దగా వాణ్ణి కనిపెట్టి ఉండే పని పాస్టరుగారు నాకు అప్పజెప్పారు.

ఆగస్టు 17, ఆదివారం

ఆరాధన అయ్యాక దాసు కుర్చీలు సర్దుతున్నాడు. ఒళ్ళు చేశాడు. చందర్లపాడులో మిర్చి నారు బాగా వచ్చిందని, సునీత ఫోన్లో బాగానే మాట్లాడుతోందని చెప్పాడు. బాగుంది నాయనా అన్నా. క్లబ్బు మాట ఎత్తలేదు.

ఇంట్లో సొరకాయ.

ఆగస్టు 20

దాసుకి ఫోన్ చేశా. ఆడమనలేదు. కూర్చోమన్నా, అంతే. ముక్కలు పంచగానే చూడకుండా బోర్లా పెట్టెయ్, అది ఆట ఎలా అవుతుంది అన్నా.  "అక్కకి తెలిస్తే, బావగారూ..." నేనెందుకు చెబుతానన్నా. వాడి పెళ్ళప్పుడు నేను ఏమేం చేశానో కూడా ఒకటి రెండు గుర్తుచేశా.

వస్తానన్నాడు.

ఆగస్టు 24, ఆదివారం

రాసి పెట్టుకోవాలి, మర్చిపోకూడదు. గోంగూర మటన్, ఎముక దగ్గర ముక్క. వేదాద్రి రేవు నుంచి తెచ్చిన చేపతో పులుసు, మామిడికాయ వేసి. చిట్టిగారెలు, నాటుకోడి రసం. అరిటాకు. వడ్డించేది సీతయ్య, కోదాడ వైపు మనిషి. ఆకు ఖాళీ కాకముందే వస్తాడు. "తినుండ్రి సారూ, ఇంకో ముక్క ఏస్తా." వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అంటారు. మొదటిరోజే మనవాణ్ణి చేసుకున్నా. వాళ్ళ ఊరి పేరు అడిగా, చాలు.

దాసు రెండు గంటలు ముక్కలు బోర్లా పెడుతూ కూర్చున్నాడు. బోర్లా పెట్టినా ఆటకింత పోతుందట. నాకు తెలియదు. తెలిసినా ఏం చేసేవాణ్ణో రాయను.

వాడు అన్నం ముట్టలేదు.

ఆగస్టు 31, ఆదివారం

ఇవాళ ఒక ఆట ఆడాడు. "చేతికి మూడు జోకర్లొచ్చాక కూడా బోర్లా పెడితే ఎట్లా బావగారూ..." గెలిచాడు. నా పక్కన కూర్చుని తిన్నాడు, చెవులదాకా నవ్వు. ఎంతకాలమైందో వాణ్ణి అలా చూసి. చేపముక్క నా ఆకులోంచి తీసి వాడికి వేశా. ప్రేమగానే వేశా.

సెప్టెంబరు 7, ఆదివారం

సువార్తకి పేటలో ఆదివారం ప్రార్థన కూడిక అని చెప్పా. తమ్ముణ్ణి తీసుకెళ్తున్నందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దారిలో తినమని చపాతీలు కట్టి ఇచ్చింది. ఆకలి చెడుతుందని పేట అడ్డరోడ్డు దగ్గర కుక్కలకి వేశా. అవి వాసన చూసి వెళ్ళిపోయాయి.

సెప్టెంబరు 18

డ్రిల్లు మాస్టారు చెప్పాడు. దాసు మంగళవారం కూడా కనబడ్డాడట క్లబ్బులో. పోయిన గురువారం కూడా.

నేను తీసుకెళ్ళేది ఆదివారం. మంగళవారానికి నేను బాధ్యుణ్ణి కాదు.

అక్టోబరు 5, ఆదివారం

అనుకుంటూనే ఉన్నా. ఎక్కడైనా నెలన్నర, రెండు నెలలే. వంటాయన మారాడు. మటన్‌లో బంగాళాదుంప! అరిటాకు పోయి ప్లాస్టిక్ పళ్ళెం వచ్చింది. చేప చెరువుది, బురద వాసన. సీతయ్య లేడు, వడ్డించేవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. చారు అడిగితే అక్కడుంది పోసుకోమన్నారు.

మేనేజర్ దగ్గరికి వెళ్ళా. కుర్చీ వేయించి చాలా మర్యాదగా మాట్లాడాడు. "మాస్టారూ, గెస్టు భోజనం మెంబరు కూర్చునే బల్లని బట్టి అండి. కింద హాలుకి ఇదే వస్తుంది. సీతయ్యని, పాత వంటాయన్ని పై గదికి పంపించాం. మీ బావమరిదిగారు పైకొచ్చి కూర్చుంటే అదే భోజనం."

పై గదిలో పెద్ద ఆట.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద దాసు వెనక కూర్చుని ఆలోచించా. ఎక్కువసేపు కాదు. ఇంటికి రాకముందే చెప్పేశా, వచ్చే వారం పై గదిలో కూర్చోమని.

అక్టోబరు 12, ఆదివారం

పై గది. ఏసీ. రొయ్యల వేపుడు. సీతయ్య నన్ను చూసి నిజంగానే సంతోషపడ్డాడు.

దాసు చేతిలో ముక్కలు సర్దిందే సర్దుతున్నాడు. అద్దం తలుపులోంచి కనబడుతుంది నాకు, నేను కూర్చునే చోటు నుంచి. కుర్చీ కొంచెం గోడవైపు తిప్పుకున్నా.

అక్టోబరు 26, ఆదివారం

కార్తీకమాసం. ఆడేవాళ్ళలో సగంమంది నీచు ముట్టరు. వండటం మాత్రం ఎప్పటంతే వండారు. "గీ నెలంత మీదే సారూ," అన్నాడు సీతయ్య. మేక తలకాయ కూర, మెదడు వేపుడు, రెండు రకాల చేప. ఈ ఏడాదికి ఇదే మంచి భోజనం. దీని ముందు హైవే హోటళ్ళన్నీ దిగదుడుపే.

దాసు బస్సులో వచ్చాడు. బండి రిపేరన్నాడు. ఏం రిపేరని నేనడగలేదు.

నవంబరు 2, ఆదివారం

సాయంత్రం సునీత ఫోను. చెయ్యి కడుక్కున్నా చేపవాసన పోలేదు, ఆ చేత్తోనే ఎత్తా.

"అన్నయ్యగారూ, ఆయన మాట నేను నమ్మనండి. మీరు చెబితే నమ్ముతా. ముక్క ముట్టుకోవట్లేదు కదా?"

ప్రతి ఆదివారం నేనే దగ్గరుండి ప్రార్థనకి తీసుకెళ్తున్నానమ్మా అన్నా. ఆ అమ్మాయి ముక్కు ఎగబీల్చింది. ఏడుస్తోందనుకుంటా. అక్కడ ప్రైవేటు స్కూల్లో టీచరు పని చేస్తోంది. ఈ నెలాఖరుకి మానేసి, క్రిస్మస్ దాకా ఆగకుండా డిసెంబరు రెండున పాపని తీసుకుని వచ్చేస్తానంది.

అబద్ధం చెప్పడం ఇంత తేలికని నాకు తెలియదు. రాత్రి భోజనం వద్దన్నా. సువార్త ఉపవాసమనుకుంది.

నవంబరు 16, ఆదివారం

ఇవాళ మెట్ల దగ్గర ఆగాడు దాసు. పైకి రాలేదు. గడ్డం మాసింది, చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

"ఇక చాలు బావగారూ. సునీత వచ్చేస్తోంది. నాకు నేనుగా ఆగలేను, మీరు పిలవకుండా ఉంటే ఆగుతా. పిలవకండి."

సరే అన్నా. తినకుండానే వెనక్కి వచ్చాం. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. మేనేజరు మీద, సునీత మీద, వీడి మీద కోపంగా ఉంది. నా మీద కూడా ఉండాలి.

నవంబరు 23, ఆదివారం

బీరకాయ. పప్పు. మజ్జిగ.

ఉప్పు లేదు.

నవంబరు 27

సీతయ్య ఫోన్ చేశాడు. నెంబరు నేనే ఇచ్చా అప్పట్లో. ఆదివారం పై గదిలో మెంబర్లకి స్పెషల్... కొర్రమీను, మేక, బొగ్గుల మీద కాల్చిన నాటుకోడి. "మీరు రాకపోతే నాకు మంచిగుండదు సారూ."

రెండు గంటలు ఓర్చుకున్నా. తర్వాత దాసుకి చేశా. వద్దన్నాడు. మళ్ళీ వద్దన్నాడు. అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాసుకోవాలి, ఎందుకంటే ఇంకెవరికీ చెప్పను... "పోయినదంతా ఆ పై గదిలోనే ఉందిరా దాసూ. సునీత రాకముందు ఒక్క ఆదివారం, తెచ్చేసుకో."

నాకు పేక రాదు. కానీ పేకాడేవాడు ఏ మాటకి లేస్తాడో ఇప్పుడు బాగా వచ్చు.

నవంబరు 30, ఆదివారం

కొర్రమీను రెండో ముక్క ఆకులో పడుతుండగా సువార్త ఫోను. సునీత వచ్చేసిందట, రెండు రోజులు ముందే. పాప వాళ్ళ నాన్నతో మాట్లాడతానని మారాం చేస్తోందట. "ఏవండీ, ప్రార్థన అయిందా?"

నడుస్తోంది, అయ్యాక చేయిస్తానన్నా. ముక్క చల్లారిపోతోంది. తిన్నా. తిన్నాకే లేచి వెళ్ళి దాసు చెవిలో చెప్పా. వాడు నా వైపు చూడలేదు. "ఒక్క ముక్క కావాలి బావగారూ. ఒక్కటొస్తే చాలు. మాట్లాడించకండి."

ఆ ముక్క రాలేదు. అయిదు దాకా కూర్చున్నా రాలేదు.

డిసెంబరు 1

సునీత మా హాల్లోనే ఉంది. సంచి విప్పలేదు, గోడకి ఆనించి ఉంచింది. నిన్న దాసు మొహం చూడగానే ఆ అమ్మాయికి అనుమానం వచ్చింది. అడిగింది. వాడు తల దించుకున్నాడు. ఆయన్ని అడిగితే లాభం లేదు, వచ్చే ఆదివారం సంఘంలో అన్నయ్యగారు లేచి చెప్పాలి, అప్పుడే చందర్లపాడులో తమ ఇంటికి వెళ్తానంది. పాస్టరుగారు కూడా అదే మంచిదన్నారు.

పాప నా ఒళ్ళో కూర్చుని ఏబీసీడీలు చెప్పింది. మావయ్యా, నాన్న ప్రార్థన బాగా చేస్తున్నాడా అని అడిగింది. బాగా చేస్తున్నాడన్నా.

డిసెంబరు 4

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఎన్నిసార్లు బోర్డు మీద రాసి హిందీలోకి మార్పించానో ఈ సామెతని. ఒక్కడూ సరిగా రాసేవాడు కాదు.

డిసెంబరు 6, శనివారం

దాసు పొద్దున్నే పెరటివైపు వచ్చాడు, ఆడవాళ్ళకి కనబడకుండా.

"నిజం చెప్పెయ్యండి బావగారూ. నా నోటితో నేను చెప్పలేను. అది వెళ్ళిపోయినా సరే. మీ పేరు నేనెక్కడా ఎత్తను, ఒట్టు."

వాడు మంచివాడు. ఆ మాట నేనిదివరకెప్పుడూ అనుకోలేదు.

మీ పేరు ఎత్తను అన్నాడు. అప్పటిదాకా నా దగ్గర రెండే దారులు... వాడు ఆడలేదని అబద్ధం, లేకపోతే ఇద్దరి గురించీ నిజం. ఇప్పుడు మూడోది దొరికింది. ఆదివారాల్లో వాణ్ణి వెతుక్కుంటూ ఆ క్లబ్బుకి వెళ్ళాను, ఎంత చెప్పినా వినలేదు, ఇంతకాలం వాడి పరువు కోసం దాచాను... ఒక్కొక్క వాక్యంలో సగం నిజమే. నోట్లో అనుకుని చూశా. ఎక్కడ ఆగాలో కూడా చూసుకున్నా. సంఘం నన్ను మెచ్చుకుంటుంది.

సిగ్గుగా ఉంది. రాస్తున్న చెయ్యి నాదేనా అనిపిస్తోంది.

డిసెంబరు 7, ఆదివారం

తొమ్మిదిన్నరకి ఆరాధన. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టింది సువార్త. సునీత పాపకి రెండు జడలు వేస్తోంది. దాసు అప్పుడే వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడట.

మూడింట్లో ఏది చెబుతానో తెలియదు. లేచి నిలబడ్డాక నోట్లోంచి ఏది వస్తే అది.

డ్రిల్లు మాస్టారి అల్లుడు ఈమధ్య పై గదిలో కూర్చుంటున్నాడట. మంచి కుర్రాడు. గెస్టు లేడట.