రెక్కల బర్రెను మళ్లీ చూడాలట

నితీష్,

కుక్కర్లో పప్పు, గిన్నెలో అన్నం ఉన్నాయి. తిని, బర్రెకు కుడితి పెట్టు. మామయ్య, అత్తమ్మ, నేను నిజామాబాద్ వెళ్తున్నాం. నిన్నటి రెక్కల బర్రె సినిమాకే!

నిన్న నువ్వు ఫోన్ వచ్చిందని హాల్లోంచి బయటికి పోయావు కదా, అసలు సంగతి అప్పుడే జరిగింది. పెళ్లయి మూడు నెలలైనా మీ బాపు నాతో సూటిగా ఒక్క మాటా మాట్లాడలేదు. కోడలితో మాట్లాడకూడదట! మంచినీళ్లు కావాలన్నా గోడకే చెప్పేవారు. తెర మీద బర్రె చెరకు లారీ పైనుంచి ఎగరగానే నా పాప్‌కార్న్ లాక్కుని, "బిడ్డా, గిదెట్ల ఎగిరిందే! ఇగ పాలెవలు పిండుతరు?" అన్నారు.

"నిచ్చెన వేస్తారు మామయ్యా" అన్నాను. అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

పొద్దున మళ్లీ గోడ వైపే తిరిగి, "ఇయ్యాల గూడ సిన్మకు పోదమా, అడుగు" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. గోడ పలకలేదు, నేనూ పలకలేదు. చివరికి నా వైపు తిరిగి, "పోదమా బిడ్డా?" అన్నారు!

నీకూ టికెట్ తీసుకున్నాం. రెండున్నరకల్లా రా. ఫోన్ ఇంట్లోనే పెట్టి రా.

సాహిత్య

మరిచాను: కొట్టం తలుపు గట్టిగా వెయ్యాలట. "మనది గూడ ఎగిరిపోతదేమో, చీటీల రాయి బిడ్డా" అంటున్నారు, నాతోనే.